కుక్కపిల్ల బొద్దుగా ఉంటేనే ముద్దా?



ఇంట్లోకి కుక్కపిల్ల వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ అదే లోకమైపోతుంది. బయటినుంచి వచ్చినవాళ్లు చెప్పులు విప్పకముందే "అది తిన్నదా?" అని అడుగుతారు. చూడవచ్చిన బంధువులు ఎత్తుకుని, "అబ్బ, ఎంత బొద్దుగా ఉందో!" అని మురిసిపోతారు. ఆ మాట వినగానే పెంచేవాళ్ల మొహం వెలిగిపోతుంది. ఇవాళ ఆ బొద్దుతనం గురించే మీతో మాట్లాడాలని వచ్చాను. పశువైద్యుడిగా నేను చూసే పిల్లల్లో తిండి చాలక నీరసించినవీ ఉంటాయి, తిండి ఎక్కువై పాడైనవీ ఉంటాయి. చిక్కిపోయిన పిల్లను చూస్తే ఎవరికైనా బెంగ పుడుతుంది, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకొస్తారు. లావెక్కుతున్న పిల్లను చూసి ఎవరూ బెంగపడరు. అది మెట్లెక్కలేక కూలబడ్డ రోజునో, కాలు కుంటిన రోజునో తీసుకొస్తారు. అప్పటికి జరగాల్సిన నష్టం సగం జరిగిపోయి ఉంటుంది.

ఎదిగే వయసులో కుక్కపిల్ల కాస్త సన్నగానే ఉండాలి, నెమ్మదిగానే ఎదగాలి. నా ప్రసంగమంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

ఎందుకంటారా? పుట్టినప్పుడు అరకిలో కూడా ఉండని లాబ్రడార్ పిల్ల ఏడాది తిరిగేసరికి పాతిక, ముప్పై కిలోలవుతుంది. ఆ కొద్ది నెలల్లో దాని కాళ్ల ఎముకలు ఎంత పొడవు సాగాలో ఆలోచించండి. పొడవాటి ఎముకలు సాగేది వాటి చివర్ల దగ్గర. అక్కడ గట్టి ఎముక ఉండదు, మెత్తటి మృదులాస్థి పొర ఉంటుంది. పొమేరియన్, పగ్ లాంటి చిన్న జాతుల్లో ఆ పొర ఎనిమిది, పది నెలలకల్లా గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల్లో ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అన్నాళ్లూ ఒంటి బరువంతా ఆ లేత భాగాల మీదే పడుతుంది. తుంటి కీలు సంగతి ఇంకా సున్నితం. తొడ ఎముక గుండు, తుంటి ఎముకలోని గుంట, రెండూ ఒకదానికొకటి సరిగ్గా అమరేది ఈ వయసులోనే. బరువు ఎక్కువైతే ఆ అమరిక వదులవుతుంది. తల్లిదండ్రుల నుంచి తుంటి కీలు లోపం వచ్చిన పిల్లల్లోనైతే ఇక చెప్పనక్కర్లేదు.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. అమెరికాలో నలభై ఎనిమిది లాబ్రడార్ పిల్లలతో ఒక అధ్యయనం చేశారు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్ని ఎనిమిది వారాల వయసులో జతలుగా విడదీశారు. జతలో ఒకదానికి ఎంత తిండి పెడితే రెండోదానికి అందులో పాతిక శాతం తగ్గించి పెట్టారు. తిండి అదే, తేడా కొలతలోనే. రెండేళ్లు వచ్చాక ఎక్స్‌రేలు తీసి చూస్తే, ఎక్కువ తిన్న ఇరవై నాలుగింటిలో పదహారింటికి తుంటి కీలు లోపం కనిపించింది. తక్కువ తిన్న ఇరవై నాలుగింటిలో ఏడింటికే కనిపించింది. పరిశోధకులు అంతటితో ఆపకుండా ఆ కుక్కల్ని బతికినంత కాలం గమనించారు. 2002లో తుది ఫలితాలు అచ్చయ్యాయి. ఎక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుర్దాయం 11.2 ఏళ్లు, తక్కువ తిన్నవాటిది 13 ఏళ్లు. కీళ్ల నొప్పులకు మందులు వాడాల్సిన రోజు కూడా తక్కువ తిన్నవాటికి చాలా ఆలస్యంగా వచ్చింది. దాదాపు రెండేళ్ల అదనపు ఆయుష్షు! మందుతో కాదు, ఆపరేషన్‌తో కాదు, గిన్నెలో పావు వంతు తగ్గించినందుకు. కుక్కతో పదేళ్లు బతికినవాళ్లను అడగండి, రెండేళ్లంటే ఏమిటో చెబుతారు.

తిండి తగ్గిస్తే పిల్ల గిడసబారిపోతుందేమోనని చాలామంది భయపడతారు. మితంగా తగ్గిస్తే అలా జరగదు. దాని ఎత్తు ఎంతో వంశంలోనే రాసిపెట్టి ఉంటుంది. తక్కువ తిన్న పిల్ల ఆ ఎత్తుకు కాస్త ఆలస్యంగా చేరుతుంది, అంతే. ఎక్కువ తిన్న పిల్ల తొందరగా చేరుతుంది కానీ, ఎముక గట్టిపడకముందే ఆ బరువు మోయాల్సి వస్తుంది.

మరి మన పిల్ల లావుగా ఉందో సన్నగా ఉందో తెలిసేదెలా? కళ్లను నమ్మకండి. పొమేరియన్‌కు బొచ్చు అడ్డం వస్తుంది, లాబ్రడార్‌కు వదులు చర్మం అడ్డం వస్తుంది. రోజూ చూస్తున్న కంటికి మార్పు ఆనదు కూడా. చేతితో తడిమి చూడాలి. మీరు రేడియో వింటూనే ఈ పని చేయొచ్చు. కుడి చేతిని పిడికిలి బిగించండి. ఎడమ చేతి వేళ్లతో పిడికిలి మీది కణుపుల్ని తడమండి. ఎముకలు ఎత్తుగా, పైన ఏమీ లేనట్టు తగులుతున్నాయి కదా? పిల్ల పక్కటెముకలు అలా తగిలితే అది మరీ చిక్కిపోయిందని అర్థం. ఇప్పుడు పిడికిలి విప్పి అరచేయి కిందికి చాపి, మళ్లీ ఆ కణుపుల వెనక భాగాన్నే తడమండి. ఎముకలు స్పష్టంగా తెలుస్తాయి, పైన పల్చటి కప్పు ఉంటుంది. పక్కటెముకలు ఉండాల్సింది ఇలాగే. ఇక చేయి తిప్పి, అరచేతిలో వేళ్ల మొదళ్ల దగ్గర తడమండి. నొక్కితే తప్ప ఎముక తెలియదు. పిల్ల డొక్కలు ఇలా తగిలాయంటే అది లావెక్కిందన్నమాట.

తడిమాక పిల్లను నిలబెట్టి పైనుంచి చూడండి. పక్కటెముకలు అయిపోయిన చోట నడుము కాస్త లోపలికి పోయి కనిపించాలి. పక్కనుంచి చూస్తే ఛాతీ కన్నా పొట్ట పైకి ఎక్కి ఉండాలి. పశువైద్యులు దీన్నే ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలతో కొలుస్తారు. నాలుగు, ఐదు మంచివి. ఎదిగే పెద్ద జాతి పిల్లకు నాలుగు దగ్గరుంటే నాకు మరీ సంతోషం. ముధోల్ లాంటి వేటకుక్కల సంగతి మాత్రం వేరు. చివరి పక్కటెముకలు కంటికి కనిపించడం వాటికి సహజం. కర్ణాటక నుంచి ముధోల్ పిల్లను తెచ్చుకున్నవాళ్లు చుట్టుపక్కలవాళ్ల మాటలకు కంగారుపడి దాన్ని లావు చేయకండి.

చేతితో పాటు కాటా కూడా కావాలి. చిన్న పిల్లనైతే వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద గిన్నెలో కూర్చోబెట్టి తూచొచ్చు. పెద్దదాన్నైతే మీరు ఎత్తుకుని తూకం మిషను ఎక్కండి, తర్వాత ఒక్కరే ఎక్కి తీసేయండి. వారానికోసారి, ఒకే రోజున, పొద్దున తిండికి ముందు తూచండి. గోడమీద క్యాలెండర్లోనే రాసుకోండి, చాలు. 2017లో వాల్తమ్ అనే సంస్థ ఆరోగ్యంగా ఎదిగిన వేలాది కుక్కపిల్లల బరువుల ఆధారంగా ఎదుగుదల గీతలు ప్రచురించింది. పసిపిల్లలకు అంగన్‌వాడీలో గీసేలాంటి పటమే అది. మీ డాక్టరు దాన్ని చూపించగలరు. అందులో పిల్ల ఏ గీత మీద ఉందన్నదానికన్నా, మొదలుపెట్టిన గీత మీదే సాగుతోందా లేదా అన్నది ముఖ్యం. పై గీతల్లోకి ఎగబాకుతుంటే తిండి ఎక్కువవుతోందన్నమాట. కిందికి జారుతుంటే జబ్బు ఉందేమో చూపించుకోవాలి.

ఇక అసలు చిక్కు, ఇంట్లో తిండి పెట్టే చేతులు. ఈ సంభాషణ నా గదిలో ఎన్నిసార్లు జరిగిందో! లాబ్రడార్ పిల్లను బల్ల మీద నిలబెడతారు. డొక్కలు వెతికితే దొరకవు. ఏం పెడుతున్నారని అడుగుతాను. "మూడు పూటలా గ్లాసుతో కొలిచే పెడుతున్నాం డాక్టరుగారూ, ఎక్కువేం లేదు" అంటుంది ఇల్లాలు. ఆవిడ చెప్పేది నిజమే. పక్కన నిలబడ్డ పిల్లాడు మెల్లగా, "నేను స్కూలు నుంచి రాగానే బిస్కెట్లు పెడతా అంకుల్" అంటాడు. "పొద్దున నా ఇడ్లీలో ఓ ముక్క దానికి వేయందే నాకు గొంతు దిగదు బాబూ" అంటుంది నాయనమ్మ. రాత్రి అన్నం తినేటప్పుడు కాళ్ల దగ్గర కూర్చుని చూస్తుందని ఇంటాయన నాలుగు ముద్దలు వేస్తాడు. అపార్ట్‌మెంటైతే కింద వాచ్‌మన్ కుటుంబం కూడా ప్రేమగా ఓ రొట్టె పెడుతుంది. తప్పు ఎవరిదీ కాదు, పెట్టింది ఎవరికి వాళ్లకు కొంచెమే. ఆ కొంచెం కొంచెం అంతా చేరేది ఒక్క పొట్టలోకే.

ఆ కొంచెం ఎంతో లెక్క చూద్దాం. మూడు నెలల పగ్ పిల్ల రెండున్నర కిలోలు ఉందనుకోండి. దానికి రోజంతటికీ కావాల్సింది సుమారు మూడు వందల యాభై క్యాలరీలు. చిరుతిళ్లు అందులో పదో వంతు దాటకూడదని పశువైద్యుల నియమం. అంటే ముప్పై ఐదు క్యాలరీలు. మనం టీతో తినే మామూలు బిస్కెట్ ఒక్కటి ఇరవై పైచిలుకు క్యాలరీలు. నాలుగు బిస్కెట్లు పెడితే దాని రోజు తిండిలో పావు వంతు అయిపోయింది. అదీ మైదా, పంచదార, నూనె రూపంలో. ఎముకకూ కండకూ పనికొచ్చేది అందులో ఏమీ లేదు.

దీనికి నేను చెప్పే ఉపాయం ఒక స్టీలు డబ్బా. పొద్దున్నే ఆ రోజుకి పెట్టాల్సిన తిండంతా గ్లాసుతో కాకుండా కాటా మీద గ్రాముల్లో తూచి ఆ డబ్బాలో పోసి ఫ్రిజ్ మీద పెట్టండి. గ్లాసుతో అయితే ఒకరు తలకొట్టి పోస్తారు, ఇంకొకరు గోపురం కట్టి పోస్తారు. పూటల తిండి ఆ డబ్బాలోంచే తీయాలి. ముద్దొచ్చి ఎవరు ఏది పెట్టినా ఆ డబ్బాలోని గింజే పెట్టాలి. పిల్లాడు కూర్చోమని నేర్పి బహుమతిగా ఇచ్చేదీ, నాయనమ్మ పెట్టేదీ అదే. కుక్కపిల్లకు కావాల్సింది మీ చేతినుంచి అందుకోవడం. ఆ గింజకే అది తోకాడిస్తుంది. డబ్బా ఖాళీ అయిందంటే ఆ రోజుకి అంతే. ఇంకా పెట్టాలని మనసు లాగితే కీరదోస ముక్క, క్యారెట్ ముక్క పెట్టండి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ మాత్రం పొరపాటున కూడా వద్దు, అవి కుక్కలకు విషం.

పూటల సంగతి తొందరగా చెప్పేస్తాను. నాలుగు నెలల దాకా రోజుకు నాలుగు సార్లు, ఆరు నెలల దాకా మూడు సార్లు, తర్వాత రెండు సార్లు. పదిహేను, ఇరవై నిమిషాల్లో తినకపోతే గిన్నె తీసేయండి. రోజంతా గిన్నె నింపి ఉంచడం వద్దేవద్దు. ప్యాకెట్ మీద రాసిన కొలత మొదలుపెట్టడానికే. తర్వాత పెంచాలా తగ్గించాలా అన్నది పిల్ల డొక్కలు తడిమి నిర్ణయించండి.

"అది ఆకలితో చూస్తుంటే ఎలా కాదంటాం?" అని లాబ్రడార్ పెంచేవాళ్లు అడుగుతారు. ఆ చూపు వెనక కూడా ఒక కారణం ఉంది. 2016లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లాబ్రడార్లలో ఒక జన్యులోపం కనిపెట్టారు. ఆ జన్యువు పేరు పీఓఎంసీ. కడుపు నిండిందని మెదడుకు చేరాల్సిన కబురు ఆ లోపం వల్ల సరిగా చేరదు. దాదాపు నాలుగింట ఒక లాబ్రడార్‌కు ఆ లోపం ఉంది. అలాంటి పిల్ల ఎంత తిన్నా ఇంకా అడుగుతూనే ఉంటుంది. దాని చూపుని బట్టి పెడితే ఇక అంతు ఉండదు. పాపం, దాని ఆకలిని అది అదుపు చేసుకోలేదు. ఆ పని దాని తరఫున మనమే చేయాలి.

బరువు గురించి మాట్లాడుతూ కాల్షియం సంగతి వదిలేయలేను. పెద్ద జాతి పిల్లను కొనగానే పక్కనే కాల్షియం సీసా కూడా కొనడం మన దగ్గర రివాజైపోయింది. ఎదిగే పిల్లల కోసం తయారైన మంచి ప్యాకెట్ తిండి పెడుతున్నారంటే అందులో కాల్షియం సరిపడా ఉంటుంది. దానిమీద సీసా మందు పోస్తే మేలు జరగదు, కీడు జరుగుతుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో గ్రేట్ డేన్ పిల్లల మీద చేసిన పరిశోధనలు ఈ విషయం తేల్చాయి. చిన్న వయసులో పిల్ల పేగులు అక్కర్లేని కాల్షియాన్ని అడ్డుకోలేవు. పెట్టిందల్లా ఒంట్లోకి పోతుంది, ఎముకల ఎదుగుదల గాడి తప్పుతుంది, కాళ్లు వంకరపోతాయి.

ఇంట్లో వండి పెట్టేవాళ్లది దీనికి పూర్తిగా తలకిందులు. అన్నం, ఉడికించిన చికెన్ రోజూ పెడుతుంటారు. బలమైన తిండే పెడుతున్నామనుకుంటారు. చికెన్ కండలో కాల్షియం బహు కొద్ది, ఫాస్ఫరస్ దానికి పది రెట్లకు పైనే. ఆ లోటు పూడ్చడానికి ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం తీసుకుంటుంది. పైకి పిల్ల నిగనిగలాడుతూ బొద్దుగానే ఉంటుంది. లోపల ఎముకలు పల్చబడుతూ ఉంటాయి. ముందుకాళ్లు బయటికి విచ్చుకుంటాయి, ఒకరోజు మంచం మీదనుంచి దూకితే కాలు విరుగుతుంది. నాలుగు నెలల పిల్ల మంచం ఎత్తుకే కాలు విరిగి, ఏడుస్తూ నా బల్ల మీద పడుకోవడం చూడలేని దృశ్యం. "ఎండలో ఉంచితే డి విటమిన్ వస్తుంది కదా" అంటారు కొందరు. మనుషుల్లాగా కుక్కల చర్మం ఎండకు డి విటమిన్ తగినంత తయారుచేసుకోలేదు. అది తిండిలోంచే రావాలి. అందుకే ఇంటి వంట పెట్టదలిస్తే పశువుల డాక్టరు చేత కొలతలు రాయించుకుని, కాల్షియం ఎంత కలపాలో అడిగి, అంతే కలపండి.

పెరుగన్నం మీదే పెంచే ఇళ్లు కూడా చాలా ఉన్నాయి. శాకాహారుల ఇళ్లలో ప్రేమకు తక్కువేం ఉండదు. కానీ ఎదిగే పిల్లకు మాంసకృత్తులు దండిగా కావాలి. ఒట్టి పెరుగన్నం తిన్న పిల్ల పొట్ట ముందుకొచ్చి, వెన్నెముక పైకి తేలి ఉంటుంది. బొజ్జ చూసి లావుగా ఉందనుకుంటారు. వీపు తడిమితే సంగతి బయటపడుతుంది. బొజ్జకు ఇంకో కారణం నులిపురుగులు. తల్లి కడుపులో ఉండగానే ఏలికపాముల పిల్లలు కుక్కపిల్ల ఒంట్లో చేరతాయి. కొంకి పురుగులు తల్లిపాలలోంచి వస్తాయి. అందుకే రెండు వారాల వయసు నుంచే పురుగుల మందు మొదలుపెట్టాలి. ఎనిమిది వారాల దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి. ప్రతిసారీ బరువు తూచి, బరువును బట్టే మోతాదు.

వీధిలో పుట్టిన పిల్లను చేరదీసినవాళ్లకు నా నమస్కారాలు. ఆ పిల్ల డొక్కలు ఎండిపోయి వస్తుంది. ఒక్కసారిగా గిన్నెడు పెట్టకండి, విరేచనాలు పట్టుకుంటాయి. కొంచెం కొంచెంగా రోజుకు ఐదారు సార్లు పెట్టి, పురుగుల మందు వేయించి, వారాల మీద ఒళ్లు చేయనివ్వండి. అది కోలుకున్నాక కూడా పాత జాలితో పెడుతూనే పోవడం చాలా ఇళ్లలో చూస్తాను. పక్కటెముకల మీద పల్చటి కప్పు వచ్చిన రోజున మిగతా పిల్లలకు చెప్పిన కొలతే దానికీ. ఏ పిల్లైనా ఉన్నట్టుండి తిండి మానేసి, వాంతులు, రక్తంతో విరేచనాలు మొదలైతే మాత్రం అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. రేపు చూద్దామనుకోకుండా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇప్పటికే లావెక్కిన పిల్ల సంగతి మిగిలింది. ఎదిగే పిల్లను పస్తు పెట్టకూడదు, పెద్దవాళ్లలా డైటింగ్ చేయించకూడదు. ముందు బిస్కెట్లు, ఇడ్లీ ముక్కలు, కంచంలోంచి పడే ముద్దలు పూర్తిగా ఆపండి. చాలా పిల్లలకు ఆ ఒక్కటే సరిపోతుంది. తర్వాత రోజు తిండి కొలతను కొన్నాళ్లు పెంచకుండా ఉన్నచోటే ఉంచండి. పిల్ల ఎత్తు పెరుగుతూ ఆ బరువును తనలో కలుపుకుంటుంది. అప్పటికీ డొక్కలు దొరక్కపోతే డాక్టరును అడిగి పదో వంతు తగ్గించండి. బరువు తగ్గించాలని దాన్ని స్కూటర్ వెంట పరిగెత్తించకండి. ఆ లేత కీళ్లకు అది శిక్ష. మట్టిలో, గడ్డిలో తన ఇష్టం వచ్చినట్టు ఆడుకుని, అలసిపోయి పడుకోనివ్వండి. ఎండాకాలంలో పొద్దున ఏడులోపు, సాయంత్రం పొద్దు వాలాక మాత్రమే. లావుగా ఉన్న పగ్‌కు మన మే నెల ఎండ ప్రాణాంతకం.

పిల్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే దాని తర్వాత ఒంటికి కావాల్సిన శక్తి ఇరవై ఐదు, ముప్పై శాతం దాకా తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. కుట్లు విప్పించడానికి వెళ్లినప్పుడే కొత్త కొలత అడిగి రాయించుకోండి. టీకాలకు వెళ్లిన ప్రతిసారీ పిల్లను తూకం మీద నిలబెట్టమని అడగండి. టీకాల కార్డులో తేదీ పక్కన బరువు, ఆ పక్కన ఒకటి నుంచి తొమ్మిదిలో ఒంటి తీరు చెప్పే అంకె వేయమనండి. డాక్టరు మర్చిపోతే మొహమాటపడకుండా మీరే గుర్తుచేయండి.